గార్నెట్ గుర్తుపెట్టుకున్న దారి: చండీగఢ్ నుంచి ఖార్దుంగ్ లా దాకా

తూర్పు కనుమల మీద పరిశోధన చేసేవాళ్లకి ఒక వెలితి ఉంటుంది. వాళ్ల చేతిలో పర్వతం ఉండదు. పాడేరు, అనంతగిరి వైపు మనం చూసే కొండలు ఒకప్పటి పెద్ద పర్వతశ్రేణికి పునాదులు మాత్రమే. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట, పాతిక ముప్పై కిలోమీటర్ల లోతున, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికిన రాళ్లు అవి. వాటి మీదున్నదంతా ఎప్పుడో అరిగిపోయింది. ఎమ్మెస్సీలో నేను పనిచేసిన ఖోండలైట్ ఈ రకం రాయే. అందులోని ఖనిజాలు: ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, అక్కడక్కడ గ్రాఫైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే ఆయన ఖోండు గిరిజనుల పేరు మీద దీనికి ఆ పేరు పెట్టాడు.

పీహెచ్‌డీకి వచ్చాక నా పని గార్నెట్ గింజలకి కుదించుకుపోయింది. గార్నెట్ లోపలి నుంచి బయటికి పొరలు పొరలుగా పెరుగుతుంది. పెరిగేటప్పుడు ఉన్న వేడి, ఒత్తిడిని బట్టి ఒక్కో పొరలో మాంగనీసు, ఇనుము, మెగ్నీషియం, కాల్షియం పాళ్లు మారతాయి. మధ్య నుంచి అంచు దాకా ఆ పాళ్లు కొలిస్తే రాయి భూమిలోకి ఎలా దిగిందో, ఎంత వేడెక్కిందో తెలుస్తుంది. మా ఖోండలైట్లలో మాత్రం ఇది కుదరదు. అంత వేడిలో అన్నేళ్లు ఉంటే మూలకాలు గింజలోపలే అటూ ఇటూ కదిలి సర్దుకుంటాయి. మధ్యలో కొలిచినా అంచు దగ్గర కొలిచినా ఇంచుమించు ఒకటే అంకె. రాయి ఎక్కడి దాకా వెళ్లిందో చెబుతుంది గానీ ఏ దారిన వెళ్లిందో చెప్పదు.

"చచ్చిపోయిన పర్వతాన్ని ఎన్నాళ్లు అడుగుతావమ్మా? బతికున్నదాన్ని అడుగుదాం పద" అన్నారు మా గైడ్ సార్. అలా సెప్టెంబరులో బయల్దేరాం. సార్, నేను, మా డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒకబ్బాయి, లాహౌల్‌కి చెందిన డ్రైవర్. హిమాలయాలని దక్షిణం అంచు నుంచి సింధు నది అవతలి దాకా అడ్డంగా కోసుకుంటూ వెళ్లాలన్నది ప్లాను. వానలు తగ్గి, మంచు ఇంకా పడని రోజులు కాబట్టి రోడ్డు పక్కన కోసిన గోడలు శుభ్రంగా కనిపిస్తాయి.

సోమవారం: చండీగఢ్ నుంచి మండీ

హిమాలయాలు చూద్దామని వచ్చిన వాళ్లెవరూ శివాలిక్ కొండల దగ్గర ఆగరు. ఆగకపోవడానికి కారణం ఉంది, అవి చూడ్డానికి ఏమంత బాగుండవు. స్వార్‌ఘాట్ ఎక్కుతుంటే మెత్తటి ఇసుకరాయి, బురదరాయి, మధ్యమధ్య గుండ్రటి గులకరాళ్లతో కట్టిన కాంగ్లోమరేట్. జూనియర్ దాంట్లోంచి ఒక గులకరాయి వేళ్లతోనే పీకేశాడు. "ఇది కూడా రాయేనా అక్కా?" అన్నాడు.

రాయే. పైగా కథకి మొదటి సాక్షి. పైనున్న పర్వతం అరిగి, నదులు మోసుకొచ్చి పడేసిన సరుకు ఇది. సుమారు 1.8 కోట్ల ఏళ్ల కిందట మొదలుపెట్టి కిలోమీటర్ల మందాన పేరుకుంది. తర్వాత పర్వతం తన చెత్తనే తను ముందుకు తోసి, మడతపెట్టి, కొండలుగా నిలబెట్టింది. 1830లలో ఫాల్కనర్, కాట్లీ ఈ శివాలిక్ పొరల్లోనే జిరాఫీ జాతికి చెందిన శివథీరియం ఎముకలు తవ్వితీశారు. జంతువుల సంగతి అటుంచితే మాకు కావాల్సింది గులకరాళ్లే. కింది పొరల్లో ఏ రాళ్ల ముక్కలున్నాయి, పై పొరల్లో ఏవి కొత్తగా వచ్చాయి అని చూస్తే, పైన పర్వతంలో ఏ కాలానికి ఏ రాయి బయటపడిందో వరస తెలుస్తుంది.

ఇక్కడే సార్ బానెట్ మీద నోట్‌బుక్ పెట్టి ఒక గీత గీశారు. తడి ఇసుకని పారతో నెడితే ముందు కొంచెం పేరుకుంటుంది, ఒక వాలు వచ్చాక మొత్తం కుప్ప జరుగుతుంది, మళ్లీ ముందు కొత్త ఇసుక చేరుతుంది. హిమాలయం జరిగే తీరు దాదాపు ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకదాని తర్వాత ఒకటిగా పెద్ద థ్రస్టులు (ఒక రాతి పలక ఇంకోదాని మీదికి ఎక్కే పగుళ్లు) పుట్టాయి: మెయిన్ సెంట్రల్ థ్రస్ట్, మెయిన్ బౌండరీ థ్రస్ట్, చివరగా మైదానం అంచున మెయిన్ ఫ్రంటల్ థ్రస్ట్. భారత ఫలకం (మన ఖండాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక) ఏటా నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతుంటే, అందులో సుమారు రెండు సెంటీమీటర్లు ఈ కొండల్లోనే సర్దుకుంటోంది. సర్దుకోనన్నాళ్లు బిగుసుకుని, ఒక్కసారి విడిపోతే భూకంపం. 1905 ఏప్రిల్ 4న కాంగ్రాలో జరిగింది అదే. ఇరవై వేల మంది దాకా పోయారు.

సాయంత్రానికి మండీ చేరాం. ఊరికి అటూ ఇటూ కనిపించే మండీ గ్రానైట్ వయసు సుమారు 50 కోట్ల ఏళ్లు. ఈ అంకె మళ్లీ వస్తుంది.

మంగళవారం: మండీ నుంచి మనాలి

పండోహ్ డ్యాం దాటాక బియాస్ లోయ ఇరుకు. కొత్త రోడ్డు కోసం కొండని నిలువుగా కోసేశారు, పెచ్చులు ఊడుతున్నాయి. సొరంగాలు పెరిగేకొద్దీ ప్రయాణం సుఖంగా ఉంటోంది, జియాలజిస్టుకి మాత్రం చూడాల్సిన గోడలు తగ్గిపోతున్నాయి. ఔట్ తర్వాత కుల్లు వైపు రాళ్లలో మార్పు వస్తుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పైన ఉత్తరం నుంచి తోసుకొచ్చిన పెద్ద రాతి పలక పరుచుకుని ఉంటే, నది దాన్ని తొలిచి కిందున్న రాళ్లని బయటపెట్టింది. దీన్ని మేం విండో అంటాం. కుల్లు-లార్జీ-రాంపూర్ విండోలో కనిపించే క్వార్ట్జైట్లు, నైస్ (బాగా ఉడికి చారలు తేలిన రాయి) రాళ్లలో కొన్ని 180 కోట్ల ఏళ్ల పాతవి. పైనున్న పలకకి కింద ఏముందో డ్రిల్లింగ్ లేకుండా చూసే అవకాశం ఇది.

ఇక్కడి నుంచి మనాలి దాకా మేం కదిలింది చాలా మెల్లగా. ప్రతి మలుపులో ఆగడం, లెన్స్ పెట్టి చూడ్డం, స్ట్రైక్ (పొర సాగే దిశ), డిప్ (పొర వాలు) రాసుకోవడం. ఎందుకంటే ఈ లోయ హిమాలయాల్లో పేరున్న ఒక తలకిందుల వ్యవహారం చూపిస్తుంది. మామూలుగా లోతుకి పోయేకొద్దీ వేడి పెరగాలి. కాబట్టి కింద బాగా ఉడికిన రాళ్లు, పైన తక్కువ ఉడికినవి ఉండాలి. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ దగ్గర మాత్రం కింద బయోటైట్ (తక్కువ వేడికే పుట్టే నల్ల మైకా) రాళ్లు, వాటి పైన గార్నెట్, ఇంకా పైన స్టారోలైట్, కయనైట్, అన్నిటికన్నా పైన సిల్లిమనైట్. పైకెక్కేకొద్దీ ఎక్కువ వేడి చూసిన రాళ్లు. 1975లో పాట్రిక్ లె ఫోర్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు: లోతు నుంచి వచ్చిన వేడి పలక చల్లటి పలక మీద కూర్చుని, ఇస్త్రీపెట్టెలా కిందున్నదాన్ని కాల్చిందని. వేడి ఒక్కటే కాదు, థ్రస్ట్ కదలికకి పొరలే మడతపడి వరస తారుమారైందని తర్వాత చాలామంది వాదించారు. సార్ రెండో పక్షం. నేను ఇంకా ఏ పక్షమూ కాదు. సెక్షన్ (కొండలో రాళ్ల వరస) చూడకుండా పక్షం కట్టడం మన దగ్గర అలవాటే అనుకోండి.

మధ్యాహ్నం నది ఒడ్డున కొట్టుకొచ్చిన ఒక బండలో కయనైట్ దొరికింది. నీలం రంగులో సన్నటి బద్దలు, చిటికెన వేలంత పొడవు. సార్ జేబులోంచి చాకు తీసి జూనియర్‌కి ఇచ్చారు.

"పొడుగునా గీకు."

గీత పడింది.

"ఇప్పుడు అడ్డంగా."

చాకు జారింది, గీత లేదు. ఒకే స్ఫటికం, ఒక దిశలో ఉక్కు కన్నా మెత్తన, ఇంకో దిశలో గట్టి. వాడు మూడు బద్దల మీద ప్రయత్నించి గానీ నమ్మలేదు.

కయనైట్, సిల్లిమనైట్, ఆండలూసైట్ మూడింటిదీ ఒకటే రసాయనం: అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. ఒత్తిడి ఎక్కువుంటే కయనైట్, వేడి ఎక్కువుంటే సిల్లిమనైట్, రెండూ తక్కువైతే ఆండలూసైట్. మా ఖోండలైట్‌లో ఉన్నది సిల్లిమనైట్ ఒక్కటే. అది ముందు కయనైట్‌గా పుట్టి మారిందా, నేరుగా సిల్లిమనైట్‌గా పుట్టిందా అన్నది చాలాచోట్ల చెప్పలేం. ఇక్కడ ఒక లోయలోనే రెండూ వరసగా దొరుకుతున్నాయి.

మనాలికి కాస్త ముందు గార్నెట్ షిస్ట్ (రేకులు రేకులుగా విడిపోయే రాయి) ఒకటి నచ్చింది. మైకా పొరల మధ్య పెసరగింజ నుంచి బఠాణీ గింజ సైజు దాకా ముదురెరుపు గార్నెట్లు, చుట్టూ మైకా వాటిని తప్పుకుంటూ వంగి వెళ్లింది. లెన్స్‌లో చూస్తే ఒక గింజ లోపల క్వార్ట్జ్ చుక్కలు వంకరగా, మెలితిరిగిన వరసలో ఉన్నాయి. పక్కనున్న రాయి జారుతూ ఉండగానే గార్నెట్ పెరిగిందని గుర్తు. ఈ రాయి మాకు కావాలి. ఊరికే సుత్తితో కొడితే సరిపోదు, ముందు అది ఏ దిశలో ఉందో రాయి మీదే రాయాలి. కంపాస్ పెట్టి స్ట్రైక్ గీత గీశాను, డిప్ వైపు చిన్న అడ్డగీత, పక్కన అంకె, పైభాగం ఎటో బాణం. మార్కర్ ఇంకు ఆరాక ఫొటో. ఆ తర్వాతే ఉలి. ఇలా తీస్తేనే రేపు ల్యాబ్‌లో 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసినప్పుడు మైక్రోస్కోప్‌లో కనిపించే మెలిక అసలు కొండలో ఏ వైపు తిరిగిందో చెప్పగలం.

బుధవారం: రోహతంగ్ మీదుగా జిస్పా

అటల్ టన్నెల్ 2020 అక్టోబరు 3న తెరిచారు, పొడవు 9.02 కిలోమీటర్లు. అందులోంచి వెళ్తే లాహౌల్ పావుగంటలో వచ్చేస్తుంది. చూసేది మాత్రం కాంక్రీటే. తవ్వేటప్పుడు సేరీ నాలా అనే వాగు కింద ఫాల్ట్ జోన్ (రాయి విరిగి నలిగిన పట్టీ) తగిలి నీళ్లూ మట్టీ లోపలికి తోసుకొచ్చి ఏళ్ల తరబడి పని నత్తనడక నడిచింది. కొండలోపలి జియాలజీ గురించి అంతకన్నా గట్టి పాఠం ఉండదు. మేం పర్మిట్ తీసుకుని పాత రోడ్డున 3,978 మీటర్ల రోహతంగ్ ఎక్కాం.

పైన నైస్ రాళ్లు. గార్నెట్లు పెద్దవే, సిల్లిమనైట్ తెల్లటి దారప్పోగుల్లా. కొన్నిచోట్ల రాయి సగం కరిగి తెల్ల చారలుగా విడిపోయింది. నాకు అనంతగిరిలో నిలబడినట్టే అనిపించింది, ఆ మాటే అన్నాను. సార్ సంతోషించలేదు. "అందుకే ఇది నీకు తక్కువ పనికొస్తుందమ్మా. కరిగేంత వేడి చూసిందంటే గార్నెట్ మర్చిపోవడం మొదలైనట్టే. నిన్న తీసిన షిస్టే నీది" అన్నారు. వేడి ఎక్కువగా చూసిన రాయి చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ప్రయాణం కథ చెప్పడంలో మాత్రం అంత వేడి చూడనిదే మేలు. ఒక నమూనా తీసుకున్నాం, పోల్చడానికి.

అవతల దిగి తాండీ దగ్గర చంద్ర, భాగ నదులు కలిసేచోట కాసేపు ఆగాం. పుస్తకాల్లో చంద్రభాగ అనీ, కిందకెళ్లాక చీనాబ్ అనీ పిలిచే నది ఇది. ఇక్కడ మెటామార్ఫిక్ (వేడికీ ఒత్తిడికీ మారిపోయిన) రాళ్ల మధ్య ఒక మడత అడుగున ట్రయాసిక్, జురాసిక్ కాలాల సున్నపురాయి తునక ఒకటి ఇరుక్కుని మిగిలింది. చుట్టూ ఉన్నవాటికి సంబంధం లేనట్టుండే ఆ తునకే, పైన ఒకప్పుడు సముద్రపు పొరలు పరుచుకుని ఉండేవని సాక్ష్యం.

రాత్రి చర్చ ఒక ఫాల్ట్ మీద. లోతు రాళ్లకీ, వాటి పైనున్న సముద్రపు రాళ్లకీ మధ్య సౌత్ టిబెటన్ డిటాచ్‌మెంట్ అనే జారుడు తలం ఉంది. జాన్‌స్కార్‌లో అది స్పష్టం. లాహౌల్‌లో అది ఎక్కడ నడుస్తుందన్నది మాత్రం తగువు. దాని వెనక పెద్ద ప్రశ్న ఉంది. మధ్యలోని రాళ్లు గట్టి పలకగా పైకి తోసుకొచ్చాయా, లేక సగం కరిగి మెత్తబడిన పొర పర్వతం బరువుకి దక్షిణానికి పారుతూ బయటపడిందా? రెండోదాన్ని చానల్ ఫ్లో అంటారు. 2001లో బోమాంట్ బృందం కంప్యూటర్ మోడల్‌తో దాన్ని ముందుకు తెచ్చింది. వానలు ఒకవైపు పర్వతాన్ని వేగంగా అరగదీస్తే లోపలి రాయి అటువైపే లాక్కొచ్చినట్టు వస్తుందని ఆ మోడల్ చెబుతుంది. అంటే రుతుపవనాలకీ పర్వతం లోపలి ప్రవాహానికీ లింకు. నాకు నచ్చిన ఆలోచనే. అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం అనుకోను.

జిస్పా గ్రానైట్ కూడా సుమారు 50 కోట్ల ఏళ్లదే. హిమాలయాలు పుట్టింది ఐదు కోట్ల ఏళ్ల కిందట మొదలుపెట్టి. అంటే హిమాలయాల్లో ఉన్న ప్రతి గ్రానైటూ హిమాలయాలది కాదు. భారత ఖండం గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగంగా ఉన్నప్పుడే దాని ఉత్తరపు అంచున ఏదో జరిగింది, ఆ గ్రానైట్లని ఇప్పటి పర్వతం ఉన్నపళంగా ఎత్తి ఇక్కడ పెట్టింది.

గురువారం: బారాలాచా దాటి సర్చు

దార్చా తర్వాత చెట్లు అయిపోయాయి. సూరజ్ తాల్ పక్కనుంచి ఎక్కి, 4,800 మీటర్ల పైనున్న బారాలాచా లా చేరేసరికి రాళ్ల మొహం మారిపోయింది. పొరలు, మళ్లీ పొరలు. సున్నపురాయి, షేల్, క్వార్ట్జైట్, అన్నీ మడతలు. మధ్యలో నల్లటి బసాల్ట్ డైకులు (పగుళ్లలోకి ఎక్కి గోడల్లా గట్టిపడిన కరిగిన రాయి). ఇవి ఢీకొన్న కాలానివి కావు, ఖండం సాగి చీలడం మొదలైన కాలానివి. ఆ చీలిక తర్వాత వెడల్పై టెథిస్ సముద్రం అయింది. ఇప్పుడు మేం నిలబడింది ఆ సముద్రం దక్షిణపు ఒడ్డున, అంటే అప్పటి భారతదేశం ఉత్తర తీరంలో పేరుకున్న బురద మీద.

మన ఇళ్లలో పూజలో పెట్టే సాలగ్రామాల్లో చుట్టలా కనిపించేవి ఈ సముద్రపు జీవులే. నేపాల్ గండకీ లోయకి అవి జురాసిక్ షేల్ పొరల్లోంచి దొర్లి వస్తాయి, అమ్మోనైట్ శిలాజాలు. ఆ పొరల పట్టీయే స్పితి మీదుగా ఇటు సాగింది. జూనియర్ దారి పొడవునా షేల్ పలకలు తిప్పి చూశాడు, ఏమీ దొరకలేదు. అమ్మోనైట్లున్న పొర వేరు, వాడు తిప్పిన పొర వేరు.

సర్చులో గుడారం. 4,200 మీటర్ల పైన రాత్రి నిద్ర ఉండదని అందరూ చెప్పారు, నిజమే. తలనొప్పి, తెల్లారేదాకా పల్చటి మెలకువ. నోట్స్ రాయడానికి పెన్ను కూడా సరిగా సాగలేదు.

శుక్రవారం: లాచుంగ్ లా, పాంగ్, మోరే మైదానం

గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు, నకీ లా, తర్వాత 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా. పాంగ్ ముందు నది కోసిన గోడల్లో గాలికీ వానకీ తొలిచిన మట్టి స్తంభాలు. ఫొటోలకి బాగుంటాయి. వాటి వయసు పర్వతంతో పోలిస్తే నిన్న మొన్నటిది, కాబట్టి మేం ఎక్కువసేపు ఆగలేదు.

మోరే మైదానం ఎక్కాక మాత్రం కారు ఆపించారు సార్. నలభై కిలోమీటర్ల పొడవున, 4,600 మీటర్ల పైన, బల్లపరుపు నేల. "ఈ ఎత్తుని కింద నుంచి మోస్తున్నదేంటి?" అని జూనియర్‌ని అడిగారు. ఈ ప్రశ్నకి జవాబు మొదట దొరికింది మన దేశపు సర్వే లెక్కల్లోనే. పందొమ్మిదో శతాబ్దంలో కలియానా, కల్యాణ్‌పూర్ అనే రెండు స్టేషన్ల అక్షాంశాల తేడాని త్రిభుజాలతో కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలతో కొలిస్తే ఇంకో లెక్క వచ్చింది. రెండు లెక్కలకీ తేడా 5.24 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). హిమాలయాలు లంబ దారాన్ని (గుండు కట్టి వేలాడదీసే దారం) తమవైపు లాగుతున్నాయేమోనని కలకత్తాలో ఉన్న ప్రాట్ లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం తేడా సుమారు 15.9 సెకన్లు రావాలి. అంటే పర్వతం లాగాల్సినంత లాగడం లేదు. 1855లో జార్జ్ ఎయిరీ చెప్పిన జవాబు: పర్వతం కింద తేలికైన రాయి లోతుగా దిగి ఉంది, పర్వతానికి వేరుంది. ప్రాట్ వేరే దారి చెప్పాడు, కొండల కింద రాయి సాంద్రతే తక్కువని. హిమాలయాల వరకు ఎయిరీ వైపే మొగ్గు. మామూలు ఖండం కింద క్రస్ట్ (భూమి పైపెంకు) మందం 35-40 కిలోమీటర్లు, లద్దాఖ్, టిబెట్ కింద 70 దాటుతుంది.

ఆ వేరులో ఇప్పుడు, ఈ క్షణాన, ఏదో రాయి ఖోండలైట్ లాంటిదిగా ఉడుకుతూ ఉండొచ్చు. ఈ పైదంతా అరిగిపోయాక అది బయటికొస్తుంది. మా ల్యాబ్‌లో అల్మరా నిండా ఉన్నవి అలాంటి వేరు ముక్కలే.

రాత్రికి త్సో కార్ పక్కన తుక్జే.

శనివారం: పూగా, త్సో మొరిరి

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన రోజు ఇది. పూగా లోయలో నేలలోంచి వేడినీళ్లు బుసకొడుతూ వస్తాయి. ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చుట్టూ గంధకం పసుపు, బోరాక్స్ తెలుపు. భూగర్భ వేడితో కరెంటు తీసే ప్రయత్నాలు ఇక్కడే మొదలుపెట్టారు.

వేడినీళ్ల కన్నా నేను చూడాలనుకున్నది లోయ గోడల్లోని నైస్. అందులో అక్కడక్కడా ముద్దలు ముద్దలుగా ఎక్లోగైట్ ఉంటుంది. ఒకప్పుడు బసాల్ట్ అయిన రాయి, లోతుకి పోయి ఎర్ర గార్నెట్, ఆకుపచ్చ పైరాక్సీన్ అయింది. అంచులన్నీ నల్లటి యాంఫిబోల్‌గా మారిపోయాయి, మధ్యలో గుప్పెడంత భాగం మాత్రం తాజాగా మిగిలింది. ఈ త్సో మొరిరి ఎక్లోగైట్ గార్నెట్లలో డెహ్రాడూన్‌లోని వాడియా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కోయసైట్ కనుక్కున్నారు. కోయసైట్ అంటే క్వార్ట్జే, కానీ 90 కిలోమీటర్ల దరిదాపు లోతు ఒత్తిడి ఉంటే తప్ప పుట్టని రూపం. అంటే భారత ఖండం అంచు, ఢీకొన్న తొలి రోజుల్లో, సుమారు 5.3 కోట్ల ఏళ్ల కిందట అంత లోతుకి దిగి, కొద్ది పదుల లక్షల ఏళ్లలోనే తిరిగి పైకొచ్చింది. భూమి లెక్కలో అది పరుగు.

నా ప్రశ్నకి ఇక్కడ జవాబు ఉంది. అంత లోతుకెళ్లినా ఈ గార్నెట్లలో పొరలు చెరిగిపోలేదు. మధ్యలో ఒక పాళ్లు, అంచుకి ఇంకో పాళ్లు, ఆ రెండింటికీ నడుమ గట్టి గీత గీసినట్టు మార్పు ఉన్నట్టు ప్రచురణల్లో మ్యాపులున్నాయి. మా ఖోండలైట్లు ఇందులో మూడో వంతు లోతుకి మాత్రమే వెళ్లాయి, అయినా ఏమీ గుర్తు లేదు. కాబట్టి జ్ఞాపకాన్ని చెరిపేది లోతు కాదు. వేడి, ఆ వేడిలో గడిపిన కాలం. ఇక్కడ చల్లటి పలక వేగంగా దిగి, ఒళ్లు పూర్తిగా వేడెక్కేలోపే వెనక్కొచ్చింది. తూర్పు కనుమల్లో రాయి పర్వతం అడుగున చాలా కాలం ఉండిపోయింది. పర్వతం కట్టడంలో ఇవి రెండు వేర్వేరు పద్ధతులు, రెండు వేర్వేరు దశలు కూడా. చదివిన విషయమే, కానీ ఆ ముద్ద పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాకే నా థీసిస్‌లో రెండో అధ్యాయం ఎలా రాయాలో తెలిసింది.

నమూనా తీసుకోలేదు. త్సో మొరిరి, త్సో కార్ రెండూ రామ్‌సర్ అనే అంతర్జాతీయ జాబితాలోని చిత్తడి నేలలు, చుట్టూ అభయారణ్యం. సుత్తి సంచిలోనే ఉంది. జూనియర్ మొహం చూసి సార్ నవ్వారు. "ఫొటో తీసుకో బాబూ, ఫొటోకి ఎవరూ కేసు పెట్టరు."

ఆదివారం: మాహే, చుమాథాంగ్, లేహ్

మాహే వంతెన దగ్గర సింధు. ఈ నది పారేది రెండు ఖండాల అతుకు వెంట. ఇక్కడి చుట్టుపక్కల ముదురు ఆకుపచ్చగా, ముట్టుకుంటే సబ్బులా జారే సర్పెంటినైట్ కనిపిస్తుంది. టెథిస్ సముద్రపు అడుగునుండి, దాని కిందున్న మాంటిల్ (పెంకు కింది పొర) నుంచి నలిగి మిగిలిన ముక్కలివి. వేల కిలోమీటర్ల వెడల్పున్న సముద్రం మొత్తం ఆసియా కిందికి దిగిపోతే, గుర్తుగా మిగిలింది ఈ సన్నటి పట్టీ. 1936లో స్విస్ జియాలజిస్టు ఆగస్టో గాన్సర్ యాత్రికుడి వేషంలో టిబెట్‌లోకి వెళ్లి, కైలాస పర్వతం చుట్టూ తిరుగుతూ దీనిలాంటి రాళ్లనే చూశాడు. అప్పటికి ప్లేట్ టెక్టోనిక్స్ అన్న మాటే లేదు.

చుమాథాంగ్ దాటి ఉప్షీ వైపు వస్తుంటే ఎర్రటి, ఆకుపచ్చటి పొరలు నిట్టనిలువుగా నిలబడ్డాయి. ఢీకొన్నాక అతుకులో నదులు పేర్చిన ఇండస్ మొలాస్. తర్వాత నలిగి నిలబడిపోయింది. ఎడమ చేతివైపు అది, కుడివైపు నదికి అవతల బూడిద రంగు గ్రానైట్. రోడ్డు మీద ఉన్నంతసేపూ రెండు ఖండాల మధ్య వెళ్తున్నాం.

సోమవారమంతా లేహ్‌లో విశ్రాంతి, నమూనాలకి నంబర్లు వేయడం.

మంగళవారం: ఖార్దుంగ్ లా

పాత బోర్డు మీద ఎత్తు 5,602 మీటర్లు. జీపీఎస్‌తో కొలిచినవాళ్లంతా 5,359 దగ్గర అంటారు. ఎత్తు సంగతి బైకర్లకి వదిలేశాం. లేహ్ నుంచి పైదాకా రోడ్డు కోసింది లద్దాఖ్ బ్యాథోలిత్‌ని. టెథిస్ సముద్రపు పలక ఆసియా కిందికి దిగుతున్నంత కాలం పైన కరిగిన రాయి చేరి గట్టిపడిన గ్రానైట్, గ్రానోడయోరైట్. తెల్లటి ఫెల్డ్‌స్పార్, నల్లటి హార్న్‌బ్లెండ్ కంటికే కనిపిస్తాయి. ఇండియా వైపు చూసిన రాళ్లతో దీనికి పోలికే లేదు. ఇది అవతలి పక్షం.

పైన గాలి చలికి నిలబడనీయకపోయినా సార్ ఒక లెక్క చెప్పాకే దిగనిచ్చారు. ఢీకొన్నది ఎప్పుడు? బ్యాథోలిత్‌లో పెద్ద ఎత్తున గ్రానైట్ చేరడం ఐదు కోట్ల ఏళ్ల దగ్గర ఆగిపోయింది. త్సో మొరిరి రాయి లోతుకి దిగింది 5.3 కోట్ల ఏళ్లకి. సోలన్ వైపు సుబాథు పొరల్లో నమ్యులైట్ (నాణెం ఆకారపు సముద్రజీవి) శిలాజాలున్న చివరి సముద్రపు సున్నపురాళ్లు ఆ కాలానివీ, కాస్త తర్వాతవీ. హిందూ మహాసముద్రం అడుగున ఉన్న అయస్కాంత చారలు చూస్తే, అప్పటిదాకా ఏటా పదిహేను సెంటీమీటర్ల పైన పరిగెత్తిన భారత ఫలకం ఆ రోజుల్లోనే వేగం పడిపోయి ఐదు దగ్గరికి వచ్చింది. ఒకదాంతో ఒకటి సంబంధం లేని నాలుగు పద్ధతులు, అన్నీ ఐదు, ఐదున్నర కోట్ల మధ్య. "దీన్ని తోసెయ్యడం కష్టమమ్మా. చానల్ ఫ్లోని తోసెయ్యొచ్చు" అన్నారు సార్, చివరిదాకా వదలకుండా.

రాళ్ల పెట్టెలు లేహ్ నుంచి పార్సెల్ చేశాం. మొదట కోసేది మనాలి షిస్ట్. అందులో మెలికపడ్డ గార్నెట్‌ని సరిగ్గా నడిమికి కొయ్యాలి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా గర్భం దొరకదు. తర్వాత మైక్రోప్రోబ్ (గింజలో చుక్కచుక్కకీ మూలకాల పాళ్లు కొలిచే యంత్రం) కింద మాంగనీసు మ్యాపు, ఆ పక్కనే మోనజైట్ అనే ఖనిజం గింజలుంటే యురేనియం-సీసం వయసు. రోహతంగ్ నైస్, మా పాత అనంతగిరి ఖోండలైట్ అదే బ్యాచ్‌లో పక్కపక్కన వెళ్తాయి. మూడు మ్యాపులూ ఒకే స్కేలు మీద ముద్రించమని సార్ ఇప్పటికే చెప్పేశారు. ప్రోబ్ స్లాట్ జనవరిలో.